కొబ్బరికాయల మీద అమలాపురం

పోయిన నెల మా కాలువలో ఏం జరిగిందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియలేదంటే మీ ఫోన్ పాడై ఉండాలి, లేదా మీకు కోనసీమలో చుట్టాలెవరూ లేకపోయి ఉండాలి. ఆ వీడియోలో ఉన్నది చివరి ఒక్క నిమిషమే. దానికి ముందు గంటన్నర కథ ఉంది. అది నా నోటితో వింటేనే నాకు కాస్త మర్యాద మిగులుతుంది. పూర్తిగా మిగలదు లెండి, కాస్త. టీ తాగుతూ వినండి. నవ్వొస్తే గ్లాసు కింద పెట్టి మరీ నవ్వండి. పొలమారితే మళ్ళీ నన్నే అంటారు.

నేను బళ్ళో చదివింది ఏడో తరగతి వరకే. మిగతా చదువంతా మా ఊరి లైబ్రరీలో. మంచు ఖండాలకి నడిచి వెళ్ళినవాళ్ళు, ఒంటరిగా సముద్రాలు దాటినవాళ్ళు, అడవుల్లో దారి తప్పి చెప్పులు ఉడకబెట్టుకు తిన్నవాళ్ళు, అందరూ నాకు దగ్గర చుట్టాలే. ఎవరు ఎక్కడ, ఎంచేత చచ్చేరో గడగడా చెప్పగలను. ఇక నా నోరంటారా, మా ఊళ్ళో దానికి భయపడనిది మా గేదె ఒక్కటే. దానికి చెవుడు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి. సాయం అడగడం నా వంట్లో లేదు. డబ్బా మూత రాకపోతే ఆ డబ్బాలో సరుకు మానేస్తాను గానీ, "ఏవండీ, ఇది కాస్త తీసిపెట్టండి" అని ఈ ముప్ఫై ఏళ్ళలో మా ఆయన్ని అడిగిన పాపాన పోలేదు. ఇది గొప్పగా చెప్పుకునేదాన్ని. పోయిన నెల దాకా.

మా ఆడపడుచు రత్నం రాజోలు నుంచి వచ్చింది. ఊరికే రాలేదు. గోవా వెళ్ళి, అక్కడ స్పీడు బోటుకి తాడు కట్టి మనిషిని గాల్లో ఎగరేస్తారే, ఆ ఆట ఆడి, ఆ వీడియో పట్టుకుని వచ్చింది. కాళ్ళు కడుక్కోకుండానే ఫోన్ నా మొహంలో పెట్టింది.

"చూడండి వదినగారూ! నేనేనండీ! అదిగో, ఆ చుక్క!"

"చుక్క కనపడుతోంది. అది నువ్వేనని గ్యారంటీ ఏంటి?"

"అదుగో, అరుస్తున్నాను కదండీ, వినండి!"

విన్నాను. గొంతు దానిదే. అక్కడితో ఆగితే మంచి మనిషే. ఆగలేదు.

"సాహసాల గురించి లైబ్రరీ మొత్తం చదివేసేరు కదండీ వదినగారూ, ఒక్కటైనా చేసేరా అండీ ఇంతవరకూ?"

"చేసేను. మీ అన్నయ్యని చేసుకున్నాను."

పేపరు వెనకాల నుంచి మా ఆయన "ఆయ్" అన్నారు. ఆయన దేనికైనా అదే అంటారు. ఇల్లు కూలిపోతోందన్నా ముందు "ఆయ్" అని, తర్వాత పైకి చూస్తారు.

రత్నం మాత్రం నవ్వింది. "ఆ పెళ్ళిలో సాహసం చేసింది మా అన్నయ్య కదండీ!"

అక్కడ కాలింది నాకు.

"తాడు కట్టి, తొడుగు తొడిగి, కింద నలుగురు కాపలా కాస్తుంటే ఎగరడాన్ని సాహసం అనరు రత్నం. ఉయ్యాల అంటారు. రా, అసలుది చూపిస్తాను."

ఏం చూపిస్తానో నాకే తెలియదు. లేచి గొడుగు తీసుకుని బయల్దేరేను. ఎండగా ఉంది కాబట్టి గొడుగు. సాహసానికైనా నెత్తి మాడకూడదు కదా.

ఆ రోజు మా తోటలో దింపు. అంటే కొబ్బరికాయలు కోసే రోజు. మా తోటకి బండి దారి లేదు, వెనకవైపు కాలువే దారి. అందుకని కోసిన కాయలన్నీ ఒక పాత చేపల వలలో పోసి, మూతి కట్టి, కాలువలోకి దొర్లించేస్తాం. వలకో మోకు కట్టి ఉంటుంది. దింపు తీసే సత్తిబాబు ఆ మోకు పట్టుకుని గట్టు మీద నడుస్తాడు. కాయలు ఏటి వాలుకి వాటంతట అవే తేలుతూ పోతాయి. ఆరు కరెంటు స్తంభాల దూరంలో వంతెన, అక్కడ ఆటో. మా తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. ఒకప్పుడు ఆటో బదులు ఎడ్లబండి, అంతే తేడా.

నేను వెళ్ళేసరికి వల నీళ్ళలో ఉంది. ఓ చిన్న గదంత కాయల గుట్ట, ఆకుపచ్చగా, నున్నగా, చూడ్డానికి పరుపులా ఉంది. పుస్తకాలు చదివేవాళ్ళకి ఉన్న జబ్బే ఇది. ప్రతిదీ ఇంకోదానిలా కనిపిస్తుంది.

"సత్తిబాబూ, నేను దీని మీద కూర్చుని వంతెన దాకా వస్తాను."

సత్తిబాబు నలభయ్యేళ్ళ మనిషి. చెట్టు మీద కోతి, నేల మీద పరమ సాధువు. మోకు చేత్తో పట్టుకునే ఆలోచించేడు.

"కాయలు దొర్లుతాయండీ అమ్మగారూ."

"దొర్లితే దొర్లనీ. మా అమ్మమ్మగారు ఇలాగే వెళ్ళేవారు."

అబద్ధం. మా అమ్మమ్మగారికి కాలువంటే కాళ్ళు కడుక్కోవడానికే.

"ఆయ్," అన్నాడు సత్తిబాబు.

గోనెసంచి ఒకటి పైన పరిపించి, చీర కుచ్చెళ్ళు దోపుకుని, ఎక్కి కూర్చున్నాను. గుట్ట కొంచెం కుంగింది, ఓసారి అటూ ఇటూ మూలిగింది, ఊరుకుంది. గొడుగు విప్పేను. రత్నం గట్టు మీద నోరు తెరిచి చూస్తోంది. ఆ మొహం ఒక్కటి చాలు, జన్మ ధన్యమైపోయింది. నాలుగు గజాలు వెళ్ళేను. ఎనిమిది గజాలు. రాణీగారిలా ఉంది నా పరిస్థితి.

అప్పుడు వచ్చేరు మాస్టారు.

మాస్టారంటే మా హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయినాయన. లైబ్రరీలో నా పక్క కుర్చీ ఆయనది. రోజూ ఆ టైముకి గట్టు మీద నడుస్తారు. సత్తిబాబుకి ఆయన చిన్నప్పటి గురువు. గురువుగారు ఎదురుపడితే మా వైపు ఏం చేస్తారు? ఒంటి చేత్తో దణ్ణం పెట్టడం ఎంత తప్పో మీకు వేరే చెప్పాలా?

"నమస్కారమండీ మాస్టారూ!" అంటూ సత్తిబాబు రెండు చేతులూ జోడించేడు.

రెండు చేతులూ!

మోకు జరజరా జారి నీళ్ళలో పడింది. నేనూ, నా గొడుగూ, కొబ్బరికాయలూ కాలువ నడుమకి వెళ్ళిపోయేం.

సత్తిబాబు గుండెలు బాదుకున్నాడు. "అయ్యబాబోయ్! అమ్మగారూ! దూకి పట్టుకోమంటారాండీ?"

చూడండి, ఇక్కడుంది అసలు కీలకం. "ఊఁ" అంటే చాలు. ఒక్క అక్షరం. దూకేవాడు, పట్టుకునేవాడు, ఇంటికెళ్ళి టిఫిన్ తినేదాన్ని. కానీ గట్టు మీద రత్నం మొహం మారుతోంది. ఇందాక తెరుచుకున్న నోరు మెల్లగా నవ్వులోకి సాగుతోంది. ఆ నవ్వు పూర్తవకుండా ఆపడమే నాకు ముఖ్యమైపోయింది.

"అక్కర్లేదు! నేనే వదిలెయ్యమన్నాను కదా!" అని అరిచేను.

"ఎప్పుడన్నారండీ?"

"మనసులో!"

"ఆయ్," అన్నాడు సత్తిబాబు.

"ఎక్కడికండీ వదినగారూ?" అని కేకేసింది రత్నం.

"అమలాపురం!"

ఎందుకన్నానో తెలియదు. ఆ కాలువ అటే పోతుంది కాబట్టి నోటికి వచ్చింది. వంతెన కింద నుంచి గొడుగు వంచుకుని దూరిపోయేను. ఆటో అతను కాయల కోసం చూస్తున్నవాడు, కాయల మీద నన్ను చూసి లేచి నిలబడి దణ్ణం పెట్టేడు.

ఇప్పుడు నా పరిస్థితి అర్థం చేసుకోండి. రెండు మైళ్ళ దిగువన లాకులున్నాయి. లాకులంటే కాలువకి అడ్డంగా కట్టిన తలుపులు. అక్కడ నీళ్ళు ఓ నిలువెత్తు కిందకి దూకుతాయి. వర్షాకాలంలో ఆ చప్పుడు మా ఇంటికి వినపడుతుంది. ఇక నాకు ఈత రాదు. కాలువ గట్టున పుట్టి, కాలువ గట్టునే కాపరం చేస్తూ ఈత రాదని ఎలా చెప్పను? అందుకని ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. అంచేత లాకులు వచ్చేలోగా ఎవరినో ఒకరిని "కాస్త లాగండి" అనాలి. అనకపోతే పోతాను. ఇదీ లెక్క. లెక్క తేలికే. నోరే పెగలాలి.

మొదటి రేవులో మా పక్కవీధి పద్మ బట్టలు ఉతుకుతోంది. నన్ను చూసి లేచింది, చేతిలో తడిసిన లుంగీతో.

"ఎక్కడికండీ అత్తయ్యగారూ?"

ఇదే సమయం అనుకున్నాను. నోరు తెరిచేను. "అమలాపురమమ్మా," అని వచ్చింది.

"అలాగాండీ! బస్సు లేదాండీ?"

"ఉంది. ఉక్కపోత."

"ఎంత ధైర్యమండీ మీకు! అత్తయ్యగారూ, అత్తయ్యగారూ, ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి, నాకో రెండు జాకెట్ ముక్కలు తెస్తారాండీ? ఒకటి నెమలికంఠం రంగు, ఒకటి..."

రెండోది ఏ రంగో గాల్లో కలిసిపోయింది. "సరేనమ్మా" అన్నాను. మునిగిపోబోయే మనిషి జాకెట్ ముక్కలకి ఆర్డరు తీసుకోవడం ఏ పుస్తకంలోనూ చదవలేదు నేను.

ఇంతలో మాస్టారు వచ్చి కలిసేరు. కలవడమంటే ఆయన గట్టు మీద, నేను నీళ్ళలో. కాలువ వేగమూ ఆయన నడకా సరిగ్గా సరిపోయేయి. ఇద్దరం పక్కపక్కనే షికారుకి వెళ్తున్నట్టుంది.

"అమ్మా సత్యవతీ, బాగుంది. నువ్వు చదివినదానికి సార్థకత వచ్చింది. సాహసం అన్న మాటకి అర్థం తెలుసునా నీకు?"

"చెప్పండి మాస్టారూ," అన్నాను. ఆయన చెప్పడం అయిపోగానే నేను చెప్పాల్సింది చెబుదామని.

"తెగువ అనేది ఒకటి. ముందూ వెనకా చూడకుండా చేసే పని అనేది ఒకటి. పాత శాస్త్రాల్లో దొమ్మీలూ, దోపిడీలూ, తలలు పగలగొట్టడాలూ, వీటిని కూడా సాహసాలనే అన్నారు."

"అయితే ఇప్పుడు రత్నం తల పగలగొడితే అది సాహసం కిందకే వస్తుందాండీ?"

"పాత అర్థంలో వస్తుందమ్మా."

పాత అర్థాలంటే నాకు గౌరవం పెరిగింది.

"ఇంతకీ ధైర్యం వేరు, సాహసం వేరు," మాస్టారు చెయ్యి ఊపుతూ నడుస్తున్నారు. "భయం తెలిసి కూడా నిలబడితే ధైర్యం. భయం తెలిసి కూడా అడుగు ముందుకేస్తే సాహసం. దుస్సాహసం అని ఇంకోటుంది."

"భయం తెలియకపోవడమాండీ?"

"కాదమ్మా. ఈత తెలియకపోవడం." ఆయన ఆగి నా వైపు చూసేరు. "నీకు వచ్చు కదా?"

"భలేవారే! రాకేం మాస్టారూ!"

చూసేరా? అడిగేరు మహానుభావుడు! నోటి ముందుకి తెచ్చి పెట్టేరు! నేను మూతి తిప్పుకున్నాను. అక్కడ గట్టుకి కంచె అడ్డం వచ్చింది. "మంచిదమ్మా, లైబ్రరీలో కలుద్దాం," అని ఆయన వెనక్కి తిరిగేరు.

అప్పుడు తెలిసింది వల చిరిగిందని.

ఎలా తెలిసిందంటే, నా కుడివైపు నుంచి ఒక కొబ్బరికాయ బయటికి వచ్చి, ఓసారి బొర్లి, నా పక్కనే ఈదుకుంటూ రావడం మొదలెట్టింది. దాని వెనకాల ఇంకోటి. మూడోది. పీటలా ఉన్న గుట్ట కొంచెం కుంగింది. నీళ్ళు గోనెసంచి దాటి వచ్చి నన్ను పలకరించేయి. చల్లగా ఉన్నాయి. వెనక్కి చూస్తే కాయలు ఒకదాని వెనక ఒకటి, బడి వదిలేసినట్టు.

ఇక్కడ మా వాళ్ళ మంచితనం గురించి చెప్పాలి. వేరే ఊళ్ళో అయితే దొరికిన కాయ దొరికినట్టు ఇంటికి పట్టుకుపోతారు. మా వాళ్ళు అలా కాదు. రేవుల్లో ఉన్నవాళ్ళు ఆ కాయలు పట్టుకుని, గట్టు మీద పరిగెత్తుకొచ్చి, "అమ్మగారూ, మీ కాయండీ!" అని నా మీదకి విసరడం మొదలెట్టేరు.

ఒకటి గొడుక్కి తగిలింది. ఒకటి భుజానికి. ఎండు కాయలైతే తేలిగ్గా ఉంటాయి గానీ ఇవి పచ్చివి!

"వద్దు! ఉంచుకోండి!" అని అరిచేను.

"అయ్యో, పరాయి సొమ్ము మాకెందుకండీ!" అని ఇంకోటి విసిరింది ఒక పెద్దావిడ. ఆవిడ గురి చూసి తీరాలి. మోచెయ్యి మీద పడింది.

"ఉంచుకోండమ్మా, మీకు పుణ్యం ఉంటుంది!"

"ఆయ్, మర్యాద కాదండీ!" ఇంకోటి.

గొడుగు డాలులా అడ్డం పెట్టుకుని, వంగి, ఆ నిజాయితీపరుల మధ్య నుంచి బతికి బయటపడ్డాను. మంచివాళ్ళ చేతిలో చావడం కూడా ఒక చావే.

కొంచెం దూరంలో ఒకాయన గాలం వేసుకుని కూర్చున్నాడు. ఎవరో తెలియదు, పక్కూరు. నా మోకు నీళ్ళలో ఈడ్చుకొస్తోంది కదా, అది ఆయన గాలానికి చుట్టుకుని పుటుక్కున తెంపేసింది. ఆయన లేచేడు. తిట్టేడు. మా వైపు తిట్లు మీకు తెలుసుగా, వాటికి కూడా అండీలుంటాయి.

"మీకు బుద్ధుందాండీ? ఒళ్ళు కొవ్వెక్కిందాండీ? ఈ వయసులో ఈ పనులేంటండీ?"

నిజం చెప్పాలంటే ఆ పొద్దున్న నుంచీ నాతో సరిగ్గా మాట్లాడినవాడు ఆయనొక్కడే. ఆయన్ని అడుగుదామనుకున్నాను. కానీ తిట్టినవాడికి బదులు తిట్టకుండా ఉండటం నాకు చేతకాదు. "గాలం వేసుకుని చేపల్ని మోసం చేసేవాడివి, నువ్వా నాకు బుద్ధి చెప్పేది!" అని మొదలెట్టేను. మంచి ఊపులో ఉండగా మలుపు వచ్చేసింది. తిట్టు సగంలో ఉండిపోయింది, సాయమూ సగంలో పోయింది.

మలుపు తిరగ్గానే మోపెడ్ చప్పుడు. మా ఆయన!

నా ప్రాణం లేచొచ్చింది. ఎంతైనా తాళి కట్టిన మనిషి. ఆయన గట్టు మీద నాతో సమానంగా, నెమ్మదిగా, రెండు కాళ్ళూ నేలకి రాసుకుంటూ నడుపుతున్నారు.

"ఇదిగో," అన్నారు.

"ఏంటండీ," అన్నాను. ఇంక ఆయనే "రా, లాగుతాను" అనేస్తారు, నేను అడగక్కర్లేదు, పరువూ దక్కుతుంది, ప్రాణమూ దక్కుతుంది.

"చింతకాయ పచ్చడి జాడీ ఎక్కడ పెట్టేవ్?"

గొడుగు పక్కకి తీసి ఆయన మొహంలోకి చూసేను.

"రత్నం వెతుకుతోంది. నువ్వు అమలాపురం వెళ్తున్నావని చెప్పింది. భోజనం టైముకి రావు కదా మరి, అందుకని అడుగుతున్నా."

"అటక మీద. ఎడమ పక్క." నా గొంతు నాకే వేరేవాళ్ళదిలా వినిపించింది. "మీకేం అనిపించట్లేదాండీ నన్ను చూస్తే?"

ఆయన చూసేరు. బాగా ఆలోచించేరు.

"గొడుగు పాడైనట్టుందే."

"అంతేనా?"

"నీ పనిలో తల దూర్చొద్దని పెళ్ళైన కొత్తలోనే చెప్పేవు కదా. అప్పట్నుంచీ దూర్చట్లేదు. రాత్రికి వచ్చేస్తావా?"

"చూస్తాను," అన్నాను.

"ఆయ్. జాగ్రత్త." మోపెడ్ తిప్పుకుని వెళ్ళిపోయేరు. అటక మీదకి, పచ్చడి జాడీ దగ్గరకి. ఆయన్ని అనడానికేముంది? ముప్ఫై ఏళ్ళు నేను పెట్టిన ట్రైనింగే అది. ఫస్టు క్లాసులో పాసయ్యేరు.

అప్పటికి నడుము దాకా నీళ్ళలో ఉన్నాను. కింద మిగిలిన కాయలు కొన్నే. ముందు నుంచి ఓ హోరు మొదలైంది. మొదట గాలి అనుకున్నాను. గాలి కాదు. లాకులు.

పుస్తకాల్లో అలాంటప్పుడు మనిషికి గడిచిన జీవితమంతా కళ్ళ ముందు కదులుతుందని రాస్తారు. నాకేం కదల్లేదు. నెమలికంఠం రంగు జాకెట్ ముక్క ఒక్కటే కదిలింది.

లాకుల మీద వంతెన ఉంది. దాని మీద లస్కరు నిలబడి ఉన్నాడు. లాకుల తలుపులు ఎత్తడం దించడం చూసుకునే ఉద్యోగి. నన్ను చూసి చెయ్యెత్తేడు, ట్రాఫిక్ పోలీసులా.

"ఆగండమ్మగారూ, ఆగండి!"

"ఎలా ఆగనయ్యా! బ్రేకులున్నాయా దీనికి!"

"కాయలతో లాకుల్లోకి రాకూడదండీ. తలుపులకి అడ్డం పడతాయండీ. దానికో అర్జీ పెట్టుకోవాలండీ ముందు."

"ఇప్పుడెక్కడ పెట్టను అర్జీ!"

"ఆఫీసులోనండీ. లంచ్ తర్వాత రమ్మంటారండీ." అని ఫోన్ తీసి నా వైపు పట్టేడు. "ఏమనుకోకండేం. ఇలా వచ్చేరని పైవాళ్ళకి రుజువు పంపించాలండీ."

హోరు పెద్దదైంది. గుట్ట పక్కకి తిరగడం మొదలెట్టింది. గట్టు మీద మనుషులు పోగయ్యేరు. వాళ్ళలో రత్నం కనపడింది. మా ఆయన మళ్ళీ వచ్చేరు, మోపెడ్ మీద దాన్ని ఎక్కించుకుని. జాడీ దొరికినట్టుంది. అందరూ నవ్వుతూ చేతులూపుతున్నారు. "అమ్మగారు లాకులు కూడా దూకేస్తారా ఏంటండీ!" "ఆవిడ దూకుతారండీ, మొండి మనిషి!" ధైర్యం దగ్గర మొదలైనదాన్ని రెండు మైళ్ళలో మొండిదాన్నయ్యేను. ఇంకో పది గజాలు దాటితే స్వర్గీయురాలిని.

ఒక కాయ కింద నుంచి జారింది. నేను గుండెల దాకా దిగేను. గొడుగు పోయింది. అప్పుడు, ఏ అనుమతీ లేకుండా, నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఏవండీ! నాకు భయంగా ఉందండీ! నాకు ఈత రాదండీ! దయచేసి నన్ను పైకి లాగండీ!"

గట్టు మీద చేతులన్నీ గాల్లో ఆగిపోయేయి. హోరు ఒక్కటే వినపడుతోంది. మా ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నారు.

"ఏంటోయ్? ఏమన్నావ్?"

వెక్కిరింపు కాదు, ఒట్టు. ఆ మనిషికి నిజంగానే అర్థం కాలేదు. ఆ మాటలు నా నోటి నుంచి ఎప్పుడూ వినలేదాయె. గుక్క తిప్పుకుని ఇంకోసారి అరిచేను, ఈసారి ఇంకా స్పష్టంగా, ఒక్కొక్క మాటా విడివిడిగా, రేడియోలో వార్తలు చదివినట్టు.

అయిపోయింది. ఎక్కడి నుంచి వచ్చేడో, సత్తిబాబు గట్టు మీద నుంచి గభీమని దూకేడు. నాలుగు బారల్లో వచ్చి మోకు పట్టుకుని, గట్టు వైపు విసిరేడు. మా ఆయన చెప్పులతో సహా నీళ్ళలోకి దిగిపోయి పట్టుకున్నారు. రత్నం ఆయన చొక్కా పట్టుకుంది. దాని వెనక లస్కరు, ఆయన వెనక ఊరు. తాడు లాగే ఆటలా లాగేరు. నేను బురదలోంచి గట్టెక్కేను, ఒక చేతిలో గోనెసంచి ముక్క, రెండో చేతిలో ఎందుకో ఒక కొబ్బరికాయ.

ఊపిరి తిరిగేక సత్తిబాబుని అడిగేను. "నువ్వెక్కడి నుంచి ఊడిపడ్డావయ్యా?"

"మొదట్నుంచీ మీ వెనకాలే వస్తున్నానండీ, గట్టు మీద."

"రెండు మైళ్ళు? మరి దూకలేదేం?"

"అక్కర్లేదన్నారు కదండీ."



రత్నం ఈసారి వెక్కిరించలేదు. తన పమిట చెంగుతో నా తల తుడిచింది. "భయపడ్డానండీ వదినగారూ," అంది. నేను కూడా, "నేనూ భయపడ్డాను," అన్నాను. ఇద్దరం ఆ గట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చేం. గోవాలో గాల్లో ఉన్నంతసేపూ అమ్మా అమ్మా అని అరుస్తూనే ఉందిట. వీడియోలో విన్నది అదే. ఆనందం అనుకున్నాను నేను.

అక్కడితో సుఖాంతం అయిపోతే మీకీ కథ చెప్పే అవసరం ఏముంది?

లస్కరు తీసిన రుజువు పైవాళ్ళకి వెళ్ళింది. పైవాళ్ళ నుంచి కిందవాళ్ళకి వచ్చింది. కిందవాళ్ళ నుంచి అల్లవరం వెళ్ళింది, ఆలమూరు వెళ్ళింది, ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టుకుంటున్న మా పిన్నిగారి ఫోన్లోకి వెళ్ళింది. ఆవిడ ఏడుస్తూ ఫోన్ చేసి, ఏడుపయ్యేక ఇంకోసారి పంపించమంది.

అది కూడా భరించేను. మా ఆయనే కొంప ముంచేరు. నా అరుపుని రత్నం చేత రింగ్‌టోన్‌గా పెట్టించుకున్నారు.

ఇప్పుడు ఆయన జేబులోంచి రోజుకి ఓ పదిసార్లు నేను అరుస్తున్నాను. బ్యాంకు క్యూలో అరిచేను. ఎవరిదో పెళ్ళిలో సరిగ్గా జీలకర్ర బెల్లం టైముకి "నాకు భయంగా ఉందండీ!" అన్నాను. పెళ్ళికూతురు ఉలిక్కిపడి తలెత్తి చూసిందిట. మొన్న లైబ్రరీలో ఓ పెద్దాయనకి సంతాప సభ. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటిస్తున్నారు. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. అప్పుడు మోగింది. "దయచేసి నన్ను పైకి లాగండీ!" ముందు వరసలో ఇద్దరు పటం వైపు చూసి దణ్ణం పెట్టేసేరు.

దాన్ని తీయించెయ్యడం ఎంతసేపు, ఒక్కసారి ఆయన్ని అడిగితే సరిపోతుంది కదా అంటారు మీరు. నిజమే. అడగాలనే అనుకున్నాను. నిన్న పొద్దున్న కాఫీ ఇస్తూ "ఏవండీ" అని మొదలెట్టేను కూడా. చూస్తే ఆయన ఫోన్ బల్ల మీద బోర్లించి ఉంది, రికార్డింగ్ నడుస్తోంది.

మెసేజులు వచ్చినప్పుడు మోగడానికి ఇంకో ముక్క కావాలిట.